గొట్టం తీయనీయని రాజ్యలక్ష్మమ్మ

మా అత్త రాజ్యలక్ష్మమ్మకు పేగు లేదు. ఈ మాట బద్వేలు బజారులో ఎవరితో చెప్పినా మొదట నవ్వేవాళ్లు. "ఆయమ్మకు పేగు లేకపోయేదేంది? ఊర్లో అందరి పేగులూ లెక్కబెట్టే మనిషి" అనేవాళ్లు. నిజమని తెలిశాక కూడా ఆ నవ్వు పూర్తిగా పోయేది కాదు. ఎందుకంటే అప్పటికి ఆమె వాళ్ల ఎదురుగానే అంగడి గద్దె మీద కూర్చుని, చింతపండులో గింజలు ఎక్కువున్నాయని టోకు వ్యాపారిని కడిగేస్తూ ఉండేది.

మాది కిరాణా అంగడి. బోర్డు మీద మామ వీరభద్రయ్య పేరుండేది, అంగడి మాత్రం అత్తది. నేను కోడుమూరులో అంగడి వాళ్ల ఇంట్లో పుట్టి ఈ ఇంటికి కోడలుగా వచ్చాను కాబట్టి చేతి వేగం అంటే ఏమిటో తెలుసు. అయినా ఆమెను చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఎడమ చేత్తో కవరు లాగడం, ఉఫ్‌మని ఒక్క ఊపిరితో దాని మూతి తెరవడం, కుడి చేత్తో కందిపప్పు పోయడం, అంతా ఒకటే కదలిక. ఆ కదలిక మధ్యలోనే అవతలి మనిషి ఇంట్లో సంగతులన్నీ కనుక్కునేది.

2003 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పప్పు తూస్తూ తూస్తూ కడుపు పట్టుకుని గద్దె మీదే ఒరిగిపోయింది. కడపకు తీసుకుపోయాం, అక్కడి నుంచి మద్రాసుకు పంపారు. పేగుకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోయి పేగంతా నల్లబడిందట. కోసి తీసేశారు. జానెడు మిగిలింది. జానెడు పేగుతో ఎంత తిన్నా ఒంటికి పట్టదు, మనిషి ఎండిపోయి చనిపోతుంది. అందుకని మెడ దగ్గరి సిరలోంచి ఒక సన్నని గొట్టాన్ని గుండె పక్కదాకా పంపించి, రెండో కొసను రొమ్ము మీద చర్మంలోంచి బయటికి తీశారు. ఇక జీవితాంతం ఆమె భోజనం దాంట్లోంచే. పాలలా తెల్లగా ఉండే ఆహారం ఒక సంచిలో వస్తుంది. దీపాలు పెట్టే వేళకు తగిలిస్తే తెల్లారేసరికి ఎక్కుతుంది. పగలంతా మామూలు మనిషే.

"నోటితో కూడా రుచికి ఇంత తినొచ్చమ్మా, కడుపు నిండా మాత్రం వద్దు" అన్నాడు మద్రాసు డాక్టరు.

"అట్లయితే కూరలో ఉప్పు చూసేదానికి పనికొస్తా" అంది మా అత్త. కోత కోసిన తరువాత ఆమె మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదే.

ఆ గొట్టం ఎంత వరమో అంత గండం. అది నేరుగా రక్తంలోకి తెరిచిన తలుపు. దాని మూతికి కంటికి కనబడని క్రిమి ఒకటి అంటుకున్నా నెత్తుట్లో కలిసిపోతుంది. అందుకే మద్రాసులో మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పారు. చేతులు ఎట్లా కడగాలి, మాస్కు ఎట్లా కట్టాలి, గొట్టం మూతిని స్పిరిటు దూదితో ఎంతసేపు రుద్దాలి, సెలైను సిరంజితో ఎట్లా కడగాలి. నేను నేర్చుకుని ఆమెకు చేద్దామనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"నా గొట్టం నేను చూసుకుంటా. నువ్వు సంచి పట్టుకో, చాలు."

"అత్తా, చేతులు వణికితే?"

"నలభై ఏండ్లు తరాజు పట్టిన చేతులమ్మే ఇవి. మీ కోడుమూరోళ్ల మాదిరి వణుకుతాయనుకుంటాండావా?"

అట్లా మొదలైంది. అంగడి వెనక గదిని సున్నం కొట్టించి, అందులోకి మా ఇద్దరినీ తప్ప ఎవరినీ రానిచ్చేది కాదు. పగలు రవిక మీదుగా పైట కప్పుకుని గద్దె మీద కూర్చునేది. పెళ్లిళ్లకూ పోయేది. ప్రొద్దుటూరులో ఒక పెళ్లిలో బంతిలో కూర్చుని రెండు మెతుకులు నోట్లో వేసుకుని విస్తరి మడిస్తే, వరసకు వదిన అయ్యే ఆవిడ పక్కనుంచి అంది, "ఏం బతుకు వదినా నీది, బాటిలు కూడు!"

"నీ కూడు నోట్లో పడి యాడికి పోతాదో అందరికీ తెలిసిందే" అంది మా అత్త. "నాది నేరుగా గుండెకాడికి పోతాది. ఎవరిది మంచి బతుకు?"

బంతి అంతా నవ్వింది. ఆ వదిన వడ్డన పూర్తి కాకుండానే లేచిపోయింది.

కానీ జ్వరాలు మొదలయ్యాయి. మొదటి ఏడాది తిరగకముందే ఒకసారి ఒళ్లంతా కుదిపేసే చలి. మద్రాసుకు పరుగెత్తాం. గొట్టంలో క్రిమి చేరిందని అది తీసేసి, మెడకు రెండో పక్క కొత్తది పెట్టారు. ఆ తరువాతి ఏడాది మళ్లీ అదే. మళ్లీ తీసి మరో చోట పెట్టారు. పెట్టిన ప్రతిచోటా సిర మచ్చకట్టి మూసుకుపోతోందని, ఇది పోతే తొడ దగ్గర తప్ప చోటు లేదని చెప్పి పంపారు. అంతటితో ఆగలేదు. "ఇంకోసారి ఇట్లా అయితే ఇంటి దగ్గర చేసుకోవడం మీ వల్ల కాదని అర్థం. నర్సులున్న చోటే ఉండిపోవాల్సి వస్తుంది" అన్నారు. వాళ్ల మాటలో కోపం లేదు. కానీ ఆ రోజు తిరుగు ప్రయాణంలో రేణిగుంట దాకా మా అత్త గొట్టం మీది పైట సర్దుకుంటూనే ఉంది. ఆమెకు చావంటే భయం లేదని నాకు తెలుసు. ఆస్పత్రి మంచం మీద ఎవరో తగిలించే సంచి కోసం ఎదురుచూస్తూ బతకడమంటేనే భయం.

2005లో వినాయక చవితి సామాన్ల అమ్మకం ముగిసిన వారం. సంచి తగిలించి కాసేపైందో లేదో, మంచం కోళ్లు టకటక కొట్టుకునేంత చలి వచ్చింది. ఆమె పళ్లు బిగించి గొట్టం మీది క్లిప్పు తనే నొక్కేసింది. "సంచి తీసెయ్ పద్మా. ఇంక దీంట్లో చుక్క పోనియ్యొద్దు" అంది.

మా ఆయన పరుగున పోయి వీధి చివరి ఆర్‌ఎంపీ బాలస్వామిని పిలుచుకొచ్చాడు. పాపం, మంచివాడే. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "మలేరియా మాదిరి ఉండాదమ్మా. ఒక గ్లూకోజు ఎక్కిద్దాం" అన్నాడు. తరువాత గొట్టం వైపు చూసి, "ఇంత మంచి దారి ఉండంగా చేతికి సూది యాలప్పా?" అంటూ చెయ్యి చాచాడు.

ఆ వణుకులోనే మా అత్త ఆ చేతిని చెళ్లున కొట్టింది.

"బాలస్వామీ! మళ్లా చెయ్యి పెట్టినావంటే విరుస్తా."

"నీ మంచికే గదమ్మా..."

"నా మంచి కోరేవాడివైతే పోయి కారు మాట్లాడుకొని రా. కడపకు పోవాల."

అతను పోయి కారు తెచ్చాడు. ముందు సీట్లో తనూ కూర్చుని కడప దాకా వచ్చాడు.

కడపలో డాక్టర్ దావీదురాజు ఉండేవాడు. వయసులో మా ఆయన కంటే చిన్నవాడు. మద్రాసు వాళ్లు మమ్మల్ని అతనికే అప్పగించి ఉన్నారు. వచ్చీ రాగానే మందు మొదలుపెట్టలేదు. ముందు గొట్టంలోంచి ఒక సీసాలోకి, చేతి నరంలోంచి ఇంకో సీసాలోకి రక్తం తీయించాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. రెండు సీసాల్లోనూ ఒకే క్రిమి పెరిగి, గొట్టం సీసాలో బాగా ముందుగా పెరిగితే, అది కాపురముంటున్నది గొట్టంలోనే అని తేలుతుందట. ఆ తరువాత చేతి నరం ద్వారా మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. గొట్టాన్ని ముట్టుకోలేదు.

మరునాడు పొద్దున మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, మద్రాసు వాళ్లతో మాట్లాడినా. లైను, అదే ఈ గొట్టం, తీసేయమంటాండారు."

"తీసి యాడ పెడతారు?"

"జ్వరం తగ్గినాక తొడ దగ్గర చూస్తాం."

"తొడ దగ్గర గొట్టం పెట్టుకొని గద్దె మీద ఎట్ల కూచునేది?"

"కష్టమే. ఆడ క్రిములు కూడా తొందరగా చేరతాయి. నేను అబద్ధం చెప్పను."

"అదీ పోతే?"

అతను మెడలోని స్టెతస్కోపు సర్దుకున్నాడు.

"చెప్పు నాయనా. నువ్వు నోరు మూసుకుంటే నాకు తెలీదనుకుంటాండావా?"

"అదీ పోతే ఇంక చోటు లేదమ్మా."

"అయితే ఇది తీయొద్దు."

"తీయకపోతే రక్తంలో విషం ముదిరి ఈ వారంలోనే పోవచ్చు."

"పోవచ్చు" అంది మా అత్త, ఆ మాటను తూకం వేస్తున్నట్టు. "ఇది తీస్తే ఇయ్యాల కాకపోతే రేపు పోతా. ఉంచితే పోవచ్చు. ఈ రెండు సరుకుల్లో ఏది కొనాల్నో అంగట్లో కూచున్నదానికి నువ్వు నేర్పేదేముండాది?"

దావీదురాజు నావైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను. చివరికి అతను ఒక దారి చెప్పాడు. గొట్టాన్ని కాపాడే పద్ధతి ఒకటి ఉంది. చిక్కటి మందును గొట్టం లోపల మాత్రమే నింపి, మూత బిగించి, గంటల తరబడి అక్కడే నిలవ ఉంచుతారు. గోడకు అంటుకున్న క్రిమి ఆ మందులో నానుతూ చస్తుంది. ఇటు చేతి నరంలోంచి ఒంటికి మందు ఎక్కుతూనే ఉండాలి. కానీ అన్ని క్రిములూ దీనికి లొంగవు. బూజు జాతిదైనా, చీముపట్టించే ఒక మొండి జాతిదైనా గొట్టం ఆ నిమిషమే తీసేయాలి. బీపీ పడిపోయినా అంతే. "అప్పుడు మిమ్మల్ని అడగను కూడా అడగను" అన్నాడు.

"ఒప్పుకున్నా. లొంగే జాతిదైతే మాత్రం నువ్వు తీయకూడదు. మద్రాసోళ్లు చెప్పినా సరే."

"సరే."

"చెయ్యి కొట్టు."

ఆ డాక్టరు నిజంగానే చెయ్యి కలిపాడు.

క్రిమి జాతి తెలిసేదాకా కొన్ని రోజులు ఎదురుచూశాం. జ్వరం ఎక్కుతూ దిగుతూ ఉండేది. మామ వరండాలో తువ్వాలు మొహాన కప్పుకుని కూర్చునేవాడు. చివరికి దావీదురాజు కాగితం పట్టుకుని వచ్చాడు. ముఖంలో ఊరటా ఉంది, అనుమానమూ ఉంది.

"లొంగే జాతే. కాపాడొచ్చు. కానీ ఇది చర్మం మీద ఉండే క్రిమి కాదమ్మా, నోట్లో ఉండేది. నోట్లోది గొట్టంలోకి ఎట్ల పోయింది? పోయినసారి కూడా ఇదేనని మద్రాసు కాగితాల్లో ఉండాది."

ఆమె పళ్లు చూశాడు. పుచ్చు ఏదీ లేదు. "చూడు చూడు, కంది బద్దల మాదిరి ఉండాయి" అంది ఆమె. నర్సు ఎదుట మేమిద్దరం చేసే పనంతా చేసి చూపించాం. తప్పు దొరకలేదు. నర్సు సామాను పాకెట్లన్నీ విప్పి బల్ల మీద పరిచి పెట్టింది, మేం మాస్కులు కట్టుకుని మిగతాదంతా చేశాం.

"నువ్వు మాస్కులో నుంచే వాగుతాంటావు, అదే అయ్యుంటాది" అంది అత్త నాతో.

"నేనా? వంద మాటలకు ఒక మాట నాది, మిగతావి నీవి అత్తా."

"అయితే ఆ ఒక్కటే కొంప ముంచింటాది."

మాటలైతే విసురుకున్నాం గానీ ఇద్దరికీ ఒక సంగతి తెలుసు. ఈసారి గొట్టం బతికినా, దొంగ ఎవరో తెలియకపోతే ఇంటికి పోనివ్వరు. దావీదురాజు ఆ మాట పైకి అనలేదు, కానీ మద్రాసుతో ఫోన్లో మాట్లాడుతుంటే వినపడింది.

గొట్టంలో మందు నింపడం మొదలైంది. జ్వరం మెల్లగా దిగింది. కాస్త తేరుకున్న రోజున మా అంగడి గుమాస్తా ఓబుళేశు చూడడానికి వచ్చాడు. వస్తూ అంగట్లోంచి బొరుగులు, వేయించిన చనక్కాయలు, బెల్లం, ఒక కట్ట కవర్లు తెచ్చాడు. అవి ఆమే ఫోను చేసి తెప్పించింది. వార్డులో ఆయాలకు పంచాలట.

"పడుకోండి అమ్మగారూ, నేను పొట్లాలు కడతా" అన్నాడు ఓబుళేశు.

"నువ్వు కడితే ఒకరికి చారెడు, ఒకరికి దోసెడు. ఈడ పెట్టు."

దిండుకు ఆనుకుని కూర్చుని ఎడమ చేత్తో కవరు లాగింది. ఉఫ్‌మని ఊదింది. బొరుగులు పోసింది. రెండోది లాగింది. మూతి దగ్గర పెట్టుకుంది. పెదాలు ముడిచి అట్లాగే ఆగిపోయింది.

"ఏమైంది అత్తా, నొప్పా?"

ఆమె కవరు దించలేదు. దాని మీదుగా నన్ను చూస్తూ అడిగింది, "పద్మా, ఇంట్లో సిరంజి పాకెట్టు నేనెట్ల విప్పుతా?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో సామాను సర్దుకోవడం మొదటి పని, చేతులు కడగడం, మాస్కు ఆ తరువాత. సిరంజి పాకెట్టైనా, గొట్టం మూతికి పెట్టే బిరడా పాకెట్టైనా, అంచు చించగానే లోపలి కాగితం అతుక్కుని ఉంటుంది. ఆమె దాన్ని మూతి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదేది. పాకెట్టు విచ్చుకునేది. రెండేళ్లుగా నా కళ్ల ముందే ఊదుతోంది. నాకు కనబడలేదు. అంగడి ఇంట్లో పుట్టిన దానికి అది ఊపిరి తీసుకోవడం లాంటిదే, ఎవరు చూస్తారు? ఆస్పత్రుల్లో పాకెట్లు నర్సులు విప్పి పెడతారు కాబట్టి వాళ్లకూ కనబడలేదు.

"దొంగ దొరికినాడు" అంది మా అత్త. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "పో, డాక్టరు నాయనను పిలుచుకొని రా. గొట్టానిది తప్పు గాదు, ఇంటిది గాదు, చూసేదానికి రమ్మను."

దావీదురాజు వచ్చి చూశాడు. ఇంకోసారి ఊదమన్నాడు. ఊదింది. అతను పక్క మంచం అంచు మీద కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "మా నాయన కూడా మైదుకూరులో బియ్యం అంగట్లో గుమాస్తానేనమ్మా. నాకూ తట్టలేదు" అన్నాడు.

మందు కోర్సు పూర్తయ్యాక మళ్లీ రెండు సీసాల్లోకి రక్తం తీశారు. రెంటిలోనూ ఏమీ పెరగలేదు. అయినా మద్రాసు నుంచి ఫోను వచ్చింది, అక్కడికి తీసుకొచ్చి ఉంచమని. ఆమె ఫోను తన చేతికి ఇమ్మంది.

"అయ్యా, మీరు నాకు ప్రాణం పోసినారు, కాదన్ను. కానీ ప్రాణం పోసేది అంగట్లో కూచునేదానికి గదా? మంచం మీద పెట్టి చూసుకునేదానికి నేనేమన్నా పటమా?" అవతలివాళ్లు ఏదో అన్నారు. "వినండి. మాస్కు కట్టుకున్నాకనే పాకెట్టు ముడతా. మూతే మూసేసినాక ఊదేది యాడిది? మళ్లా ఇదే క్రిమి వస్తే మీ మాటే నా మాట. రాకపోతే నన్ను ఇడిసిపెట్టండి."

ఫోను దావీదురాజు చేతికిచ్చింది. అతను చాలాసేపు విని, చివరికి, "ఆమె బాధ్యత నేను తీసుకుంటా సార్" అన్నాడు.

బద్వేలుకు తిరిగొచ్చాం. ఆ క్రిమి మళ్లీ రాలేదు. ఆ గొట్టాన్ని ఎవరూ తీయలేదు. నాలుగేళ్లకు పైగా అదే గొట్టం, అదే రొమ్ము మీద. కరెంటు లేని సాయంత్రాలు టార్చి నా చేతికిచ్చి సంచి తనే తగిలించుకుంది. మనవరాలి బారసాలకు పాట కూడా పాడింది, శ్రుతి లేకుండా.

2009లో కళ్లు పచ్చబడ్డాయి. అన్నేళ్లు నెత్తుట్లోంచే అన్నం తిన్న ఒంట్లో కాలేయం అలిసిపోవడం మామూలేనని దావీదురాజు చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగింది, "గొట్టంలో ఏమన్నా ఉండాదా?"

"లేదమ్మా. అది శుభ్రంగా ఉండాది."

"అయితే ఇంటికి పోదాం" అంది. ఎవరూ వాదించలేదు. అంగడి వెనక గదిలో, తన మంచం మీద, పొద్దున అంగడి తలుపులు తీస్తున్న చప్పుడు వింటూ పోయింది.

స్నానం చేయించడానికి ఆడవాళ్లు చేరారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన, మామ వాళ్ల అన్న భార్య అయిన మా పెద్దత్త పైట తొలగించి, గొట్టం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇదేందమ్మే, ఇంకా ఉండాది? ఒంటి మీద పరాయి వస్తువుతో పంపకూడదు. ఆస్పత్రి నుంచి ఎవర్నన్నా పిలిపించి తీయించండి."

"తీయనియ్యను" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను ఆ ఇంట్లో పెద్దవాళ్లకు ఎదురు చెప్పింది లేదు.

"శాస్త్రం తెలీకుండా మాట్లాడొద్దు. మన వస్తువు కాదది."

"ఎవరిది మరి? దాని కోసం ఆయమ్మ ఎంతమందితో కొట్లాడిందో మీకేమన్నా తెలుసా? మీ ఒంట్లో పేగు మీదయితే, ఆయమ్మ ఒంట్లో గొట్టం ఆయమ్మది. ఎవరన్నా చెయ్యి పెట్టినారంటే బాగుండదు."

పెద్దత్త మా మామ వైపు తిరిగింది. వీరభద్రయ్య గడప దగ్గర తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. పెళ్లాం ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి.

"కోడలు చెప్పినట్టే కానియ్యండి" అన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చాను. గొట్టం చుట్టూ స్పిరిటు దూదితో తుడిచి, పాత కట్టు తీసి, కొత్త గాజుగుడ్డ వేసి, నాలుగు పక్కలా ప్లాస్టరు అంటించాను. పెద్దత్త చూస్తూ నిలబడింది. అంతా అయ్యాక పసుపు గిన్నె అందుకుని, ఆ కట్టు తడవకుండా ఒక చెయ్యి అడ్డుపెట్టి, మెడకు పసుపు రాయడం మొదలుపెట్టింది.